సోమవారానికి ముందు రెండు రోజులు

శనివారం ఉదయం మల్లిక వికారాబాద్ స్టేషన్‌లో దిగేసరికి, పంపుతానన్న కారు రాలేదు.

పంపుతానన్నది తాండూరు పప్పుమిల్లు యజమాని చంద్రకాంత్. సోమవారం అతనితో ఏడాది కందిపప్పు సరఫరాకి ఒప్పందం రాసుకోవాలి.

మల్లికది విజయవాడ. హాస్టళ్లకు సరుకులు అందించే కంపెనీలో కొనుగోళ్లు చూస్తుంది. చేరి ఆరు నెలలే. ఇదే మొదటి పెద్ద పని. ఈలోపు చుట్టుపక్కల చూద్దామని రెండు రోజులు ముందే వచ్చింది.

ఫోన్ చేస్తే చంద్రకాంత్ ఎత్తలేదు.

స్టేషన్ బయట డ్రైవర్లు చుట్టుముట్టారు. ఒక్కడు మాత్రం తన పాత కారు పక్కనే నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, తెల్లగడ్డం. మల్లిక ఆయన దగ్గరికే వెళ్లింది. పేరు ముక్తార్ అని చెప్పాడు.

అనంతగిరి కొండ మలుపుల్లో నెమ్మదిగా నడిపాడు. లోయ బాగా కనిపించే చోట అడగకుండానే ఆపాడు. కోట్‌పల్లి చెరువులో ఆమె పడవ ఎక్కితే, దిగేదాకా ఒడ్డున ఆమె బ్యాగు పట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రానికి మల్లిక ఆయన్ని బాబాయ్ అని పిలుస్తోంది.

ఎవరికీ చెప్పనిది కూడా కళ్లనీళ్లతో చెప్పేసింది. నాన్న పోయాక ఇంటికి తన జీతమే ఆధారమని, ఈ ఒప్పందం తేడా వస్తే ఉద్యోగం నిలవదని.

ఆయన ఏ మిల్లు అని అడిగాడు. చెప్పింది.

ఆయన కారు పక్కకి ఆపి, ఆమె వైపు తిరిగాడు.

"రేపు బువ్వ పెద్దేముల్‌ల తిందాం బిడ్డా, మా అక్క ఇంట్ల. గీడి కందిపప్పు ఎట్లుంటదో జర తిని చూడు."

ఆదివారం మధ్యాహ్నం ఆయన అక్క మహబూబ్‌బీ వేడి జొన్నరొట్టెలు, పప్పు వడ్డించింది. మల్లిక మూడుసార్లు పప్పు వేయించుకుంది. భోజనమయ్యాక ముక్తార్ గుప్పెడు పచ్చి పప్పు తెచ్చి ఆమె అరచేతిలో పోశాడు. ఒక బద్ద కొరికి చూడమన్నాడు. వాసన చూడమన్నాడు.

"రేపు మిల్లుల ముందు వరస సంచులు చూసి ఊకోకు. ఎనక వరసల సంచి ఇప్పమను."

ఎందుకని అడిగింది మల్లిక.

"గంతే బిడ్డా. ఇంక నన్నేం అడగకు."

సాయంత్రం మల్లిక దిగిన తాండూరు హోటల్‌కి చంద్రకాంత్ వచ్చాడు. కారు పంపనందుకు పదే పదే క్షమించమన్నాడు. బిర్యానీ తెప్పించాడు. రెండు రోజులూ ఎలా గడిచాయని అడిగితే, మల్లిక సంబరంగా చెప్పుకొచ్చింది.

ముక్తార్ పేరు, పెద్దేముల్ భోజనం మాట రాగానే అతను చెంచా కింద పెట్టాడు.

"గాయన వేరే మిల్లోళ్ల మనిషి మేడం. స్టేషన్‌ల కాపుగాసి కొనెటోళ్లను పట్టుకుంటడు. ఇంటికి తీస్కపోయి తినవెడ్తడు. మా సంచుల మీద లేనిపోనివి చెప్తడు. మీకేమన్న చెప్పిండా?"

మల్లిక ప్లేటు పక్కకి జరిపింది.

లోయ దగ్గర కారు ఆపడం, బ్యాగు కాపలా కాయడం, వేడి రొట్టెలు, అన్నీ ఒక్కసారిగా వేరేలా కనిపించాయి. తన ఇంటి సంగతులు కూడా అందుకే అంత ఓపిగ్గా విన్నాడన్నమాట. ఆ ఆలోచనకి ఆమెకు ఒళ్లు మండింది. తెలియని మనిషి ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సోమవారం పొద్దున ముక్తార్ కారు తెచ్చి వెనక తలుపు తీసి నిలబడ్డాడు.

మల్లిక హోటల్ మెట్లు దిగలేదు.

"మీకు పప్పుమిల్లుతో సంబంధం ఉందా?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు.

"ఉండె బిడ్డా."

"నన్నలా పిలవకండి. నేను మిమ్మల్ని నమ్మి బాబాయ్ అన్నాను."

ముక్తార్ ఏదో చెప్పబోయాడు.

"చెప్పేటిది ఉన్నది. గని వాళ్ల ఉప్పు తిన్న నోటితోని చెప్పలేను. పైలం."

తలుపు మూసి, కారెక్కి వెళ్లిపోయాడు.

మిల్లులో చంద్రకాంత్ ముందు వరస సంచులు విప్పించాడు. పప్పు పచ్చగా మెరుస్తోంది. మల్లిక చూపు ఒక్క క్షణం వెనక వరసల మీదికి పోయింది. అవి విప్పమంటే, మోసం చేసిన మనిషి మాట విన్నట్టవుతుంది.

సంతకం పెట్టింది.

ఇరవై రోజులకు హాస్టళ్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఎంతసేపు ఉడికించినా పప్పు ఉడకడం లేదని. గోడౌన్‌లో సంచులు విప్పితే సగానికి పైగా పాత పప్పే, కొత్తదానితో కలిపి పాలిష్ పట్టినది.

చంద్రకాంత్ ఈసారి ఫోన్ ఎత్తాడు. చూసుకునే సంతకం పెట్టారు కదా అని పెట్టేశాడు.

కంపెనీ మల్లికను కొనుగోళ్ల నుంచి తప్పించింది.

పుస్తకాలు అప్పగించడానికి గోడౌన్‌కి వెళ్లేసరికి, చాలాకాలంగా అక్కడే ఉన్న స్టోర్‌కీపర్ మత్తయ్య ఒక పాత పచ్చ చీటీ చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

పన్నెండేళ్లుగా ఆ మిల్లు నుంచి వచ్చిన ప్రతి సంచిలోనూ ఇలాంటి చీటీ ఉండేదని చెప్పాడు. సరుకు పరీక్షించిన మనిషి ఉర్దూలో సంతకం చేసేవాడట. ఆ సంతకం చూస్తే చాలు, సంచి విప్పకుండానే దింపించేవాడట మత్తయ్య. కంపెనీ ఆ మిల్లును నమ్మింది కూడా ఆ సంతకం చూసేనట.

"ఈసారి ఒక్క చీటీ లేదు మేడం. నిన్న దీని మీది నంబరుకు ఫోన్ చేశాను. ఈమధ్య పెద్ద యజమాని పోయాక, కొడుకు చంద్రకాంత్ పాత పప్పు కలపమన్నాడట. దానికి సంతకం పెట్టనని ఈయన మిల్లు మానేశాడట."

"ఇప్పుడేం చేస్తున్నారట ఆయన?" అని అడిగింది మల్లిక.

"వికారాబాద్ స్టేషన్ దగ్గర కారు తోలుకుంటున్నాడట మేడం, పేరు ముక్తార్."