కిందికి దించే మనిషి

ఫ్యాక్టరీకి బేరాలు పడిపోయినప్పుడు, ఒక్కో ఉద్యోగాన్నీ వారానికి చెరి మూడు రోజుల చొప్పున ఇద్దరికి పంచమన్నది ఓనరే. లిఫ్టు మనిషి ఆ మాట తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు.

ఓనరు పై అంతస్తులో లిఫ్టెక్కాడు. లోపల మూలన ఎవరో ముసుగుతన్ని పడుకున్నారు.

"కిందికి పోనీ."

"పని పంచమన్నారుగా సార్, నాది పైకి తెచ్చే పని. కిందికి దించేది మా బావమరిది. వాడు రేపొస్తాడు."

"మెట్ల తలుపు తియ్యి."

"తాళం వేసేవాడు వేసి వెళ్ళాడు. తీసేవాడు ఎల్లుండి వస్తాడు సార్."

ఓనరు తల పట్టుకున్నాడు. "గేటు దగ్గర అందరూ నిలబడి ఉన్నారయ్యా. ఫ్యాక్టరీ మూసేస్తున్నామని చెప్పాలి."

"రేపు చెబుదురు గాని సార్."

లిఫ్టు మనిషి స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి ఓనరు నీరుగారిపోయాడు. "సరేలే, మూయను."

మూలన ముసుగు తొలగింది. బావమరిది ఆవలిస్తూ లేచి మీట నొక్కాడు.

"ఆ ముక్క ముందే అనుంటే అప్పుడే లేచేవాణ్ణి కదా సార్."