ఇనుప చెయ్యి

"చెయ్యి ఇరుక్కుపోయింది! లివర్ లాగరా!" అని షెడ్డు దద్దరిల్లేలా అరిచింది అక్క.

తమ్ముడు సొంతంగా కట్టుకున్న జలాంతర్గామి రేపు చెరువులో దిగుతుంది. అడుగున దాని ఇనుప చెయ్యి దేనికైనా చిక్కుకుంటే, లోపలి లివర్ లాగి చేతిని అక్కడే వదిలేసి పైకి రావాలి. అలా వదిలేస్తాడో లేదో చూడడానికే ఆ చేతిని ఆమె గొలుసుతో స్తంభానికి కట్టేసింది.

లోపలున్న తమ్ముడు మాత్రం లివర్ ముట్టుకోలేదు. చేతిని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఒక్క నిమిషం అక్కా, వచ్చేస్తోంది."

"గొలుసుకి తాళం వేశానురా! ఎలా వస్తుంది?"

"మణికట్టు ఇంకాస్త వంచితే..."

ఆమె కాలుగాలిన పిల్లిలా చుట్టూ తిరిగింది. చివరికి పైమూత మీద దబదబా బాదింది. "నీళ్ళలో అయితే ఈపాటికి నీకు ఊపిరాడేది కాదు. బయటికి రా!"

చెమటలు కక్కుతూ అతను తల బయటపెట్టాడు. "లివర్ బాగానే ఉందక్కా. నిన్న చూశావుగా."

"లివర్‌కేం, నిక్షేపంలా ఉంది. మరి లాగవేం?"

అతను తల దించుకున్నాడు. "చెయ్యి ఊడి కిందపడితే దాని వేళ్ళు వంగిపోతాయక్కా. ఎన్నిసార్లు చేస్తే కుదిరాయో నీకు తెలుసుగా."

రేపు చెరువు అడుగునా వీడు ఇదే మాట అంటాడు.

"ఆ లివర్‌ని నీ వెనక్కి మార్చు," అంది అక్క.

"వెనకా? అక్కడెవరుంటారు?"

ఆ డబ్బాలో చచ్చినా కూర్చోనని మొదటినుంచీ అంటున్న ఆమె, గోడవారనున్న పీట తెచ్చి తెరిచిన పైమూత దారిలోంచి లోపలికి అందించింది.

"ముందుకు జరుగు."