తాత చేతులెత్తలేదు

“పిల్లల తల్లిదండ్రులంటే మీకంత భయమేంటి టీచరమ్మా? మేమేమైనా తోడేళ్ళమా?” అంది జూరాకన్, టీచర్ల గది గుమ్మంలో నిలబడి.

లెక్కల టీచరు సల్తనత్ పుస్తకాలు సర్దుకుంటూనే ఉంది. “భయం కాదక్కా, విసుగు. మీ సభల్లో ఏముంది? తరగతికి ఏ రంగు కర్టెన్లు కట్టాలన్నదే గంటసేపు నడుస్తుంది. మేం పిల్లల మాట ఎత్తేలోపే మీవాళ్ళు కోట్లు తొడుక్కుంటారు.”

“మీరొస్తే కదా మేం కోట్లు తొడుక్కునేది చూడ్డానికి!”

మూల కూర్చున్న ఆటల మాస్టారు తురత్ నవ్వాడు. అతనికేసి తిరిగి జూరాకన్ అంది: “రేపటి సభలో ఒట్టి టీ కాదు మాస్టారూ. గొర్రెను కోస్తున్నాం.”

“అయితే తల్లిదండ్రులు దేవుడితో సమానం. వస్తాం,” అన్నాడు తురత్.

తిండికైతే కదులుతారు, అనుకుంది జూరాకన్. ఆమె తల్లిదండ్రుల సంఘానికి పెద్ద. ఇన్ని సభలు పెట్టినా ఒక్క టీచరూ పూర్తిగా కూర్చున్న పాపాన పోలేదు. ఇప్పుడు ఆమె కూతురు బెగిమాయ్‌కి లెక్కల్లో ఐదుకి రెండే వచ్చాయి. ఈ చలికాలం దాటేలోపు అవి మారకపోతే పదో తరగతి లేదు. ఆ రెండు ఎందుకొచ్చాయో నలుగురి ముందూ సల్తనత్ నోటితోనే చెప్పించాలి.

అయితే తినేసి వెళ్ళిపోతే? ఆమె నేరుగా కాసిమాలి తాత ఇంటికి వెళ్ళింది. వీధిలో అందరికంటే పెద్దాయన. మునిమనవడు ఇదే బడిలో ఒకటో తరగతి. ఏ విందులోనైనా చివరి దీవెన ఆయనదే. ఆయన చేతులెత్తి దీవించేదాకా ఎవరూ లేవరు. దీవించాక ఎవరూ కూర్చోరు.

“తాతా, రేపు తినగానే చేతులెత్తకు. పిల్లలందరి మాటలూ అయ్యాకే ఎత్తు.”

తాత గడ్డం నిమురుకున్నాడు. “దేవుడికి చెప్పే కృతజ్ఞత ఆపమంటావా? అది తప్పు కాదూ?”

“దేవుడికి తొందరేముంది తాతా? తొందరంతా ఆ టీచర్లకే.”

తాత తలూపాడు. “పిల్లల మంచికోసమైతే కాస్త ఆలస్యాన్ని ఆయన క్షమిస్తాడనుకుంటా. సరే, అందరి మాటలూ అయ్యాకే.”

మర్నాడు బడి భోజనశాల నిండిపోయింది. పళ్ళాల్లో మాంసం తరిగిపోయింది. తురత్ మాస్టారు వేళ్ళు తుడుచుకుని, టోపీ సర్దుకుని, తాతకేసి చూశాడు. తాత చేతిలోని ఎముకకేసి చూస్తున్నాడు.

“తాతా, కడుపు నిండింది,” అన్నాడు తురత్.

“సంతోషం నాయనా. టీ తాగు.”

మూడోసారి టీ పోసేసరికి తురత్‌కి విషయం అర్థమైనట్టుంది. నిట్టూర్చి టోపీ తీసి పక్కన పెట్టాడు. జూరాకన్ లోలోపల నవ్వుకుంది. చదువుకున్నవాళ్ళట, గొర్రెల్లా దొడ్లో పడ్డారు.

చేసేదేమీ లేక టీచర్లు నోరు విప్పారు. తురత్ ఒక తల్లితో అన్నాడు: “మీ అజమత్‌కి బంతి మీదికొచ్చేదాకా కనబడదమ్మా. వాడు మొద్దు కాదు, చూపు తక్కువ.” ఆ తల్లి తలగుడ్డ చెంగుతో కళ్ళొత్తుకుంది. ఏడాదిగా ఆమె ఆ పిల్లాణ్ణి సోమరి అని కొడుతోంది.

చూశారా, నావల్లే కదా ఇదంతా అన్నట్టు జూరాకన్ చుట్టూ చూసి, గొంతు సవరించుకుంది.

“ఇక లెక్కల సంగతి. సల్తనత్ టీచరమ్మా, మా బెగిమాయ్‌కి రెండెందుకు? మీకు చెప్పడం రాదా, చెప్పాలని లేదా?”

సల్తనత్ టీ గిన్నె కింద పెట్టింది. “లెక్కలు మొదటి పీరియడక్కా. ఆ వేళ మీ అమ్మాయి బజార్లో మీ దుకాణం తలుపులు తీస్తూ ఉంటుంది. మీరు తీరిగ్గా వచ్చాక బడికి వస్తుంది. దానికి తెలివి లేక కాదు, ఒకేసారి రెండు చోట్ల ఉండలేక. మీకు కబురు పెట్టాను. దారిలో ఆపాను. బేరం ఉందని వెళ్ళిపోయారు.”

అజమత్ తల్లి జూరాకన్‌కేసే చూస్తోంది. ముందురోజు టీచర్ల గది గుమ్మంలో ‘మీకంత భయమేంటి’ అని తను అన్న మాట జూరాకన్‌కి ఎందుకో గుర్తొచ్చింది.

“చలికాలం... తలుపులు గడ్డకట్టి బిగుసుకుపోతాయి... ఆ సంగతి మరోసారి మాట్లాడుకుందాం,” అంటూ కోటు అందుకుంది. తాతకేసి గట్టిగా కన్ను గీటింది. “తాతా, నమాజు వేళయింది. దీవించు, అందరూ లేస్తారు.”

తాత చేతులు మోకాళ్ళ మీదనుంచి కదల్లేదు.

“ఇంకా వేళ కాలేదు, కూర్చో తల్లీ. నిన్న నువ్వటు మా గుమ్మం దాటావో లేదో ఈ లెక్కల టీచరమ్మ ఇటు వచ్చింది. పిల్లలందరి మాటలూ అయ్యేదాకా చేతులెత్తొద్దని అచ్చం నీలాగే బతిమాలింది. తినగానే పారిపోయేవాళ్ళు ఎవరమ్మా అని అడిగితే, మొదట నీ పేరే చెప్పింది.”