పోగు పట్టిన జబ్బు

ఇప్పుడు పిల్లలకి చెవులు కుట్టి పెట్టే పోగులు ఉత్త బంగారానివి కావు, నెత్తురు చదివేవి. నెత్తుట్లో చెడ్డ కొవ్వు హద్దులో ఉంటే తెల్లగా, మితిమీరితే ఎర్రగా వెలుగుతాయి.

మేనమామ ఒడిలో ఉన్న ఏడాది పిల్లకి ముసలి కంసాలి వీరాచారి చెవి కుట్టి పోగు తొడిగాడో లేదో, అది మంకెనపువ్వులా ఎర్రబడింది. తల్లి సంతోషి గబుక్కున ముందుకొచ్చింది.

"నేనే చేశాను తాతా! ముద్దముద్దకీ నెయ్యి వేసి పెట్టాను," అని ఏడ్చింది.

"నెయ్యిని ఆడిపోసుకోకమ్మా. ఇంత పసిదానికి ఇంత ఎరుపు తిండివల్ల రాదు," అన్నాడు వీరాచారి. "నెత్తుట్లో కొవ్వు మోసే బళ్లుంటాయి. కార్జం వాటిని లోపలికి పిలుచుకోకపోతే, అవి గుండెకి పోయే దారుల్లోనే సరుకు ఒలకబోస్తాయి. ఇది వంశంలో వచ్చేది. పిల్లకి మందుంది, భయం లేదు. మరి పెద్దల్లో ఎవరికుందో?"

సంతోషి పోగులు తెల్లగానే ఉన్నాయి. అందరూ ఆమె మొగుడు గోవిందు వైపు తిరిగారు. "చీపురుపుల్లలా ఉన్నాను, నాకు కొవ్వేంటి?" అంటూ ఏళ్లతరబడి పోగు తప్పించుకున్న మనిషి.

"మీ నాన్న నలభై ఏళ్లకే గుండె ఆగి కుప్పకూలాడు బావా," అన్నాడు మేనమామ.

ఇంతమంది కళ్లకి కనబడనిది గింజంత పోగు పట్టేసిందే అని సంతోషి అబ్బురపడింది. "మావా, కూచో," అంది మొగుడితో.

గోవిందు పీట మీద కూర్చున్నాడు. "మెల్లగా కుట్టు తాతా. పిల్ల ముందు ఏడిస్తే పరువు పోద్ది."

పోగు భగ్గున ఎర్రబడింది. సంతోషి ఈసారి ఏడవలేదు. మందు ఎక్కడ వేస్తారో అడిగి, చెప్పులు వేసుకుంది.