కొలిమిలో ఉండిపోయిన పొడి

వీధిలో నన్ను మిరపకాయ మామ్మ అంటారు, నా వెనకాలే అనుకోండి. వయసు డెబ్బై ఎనిమిది. ఇంట్లో కొడుకు, కోడలు, నేను. వాళ్లిద్దరూ ఒకే లేబొరేటరీలో కెమిస్టులు. విచారణ సంఘంవారికి నేను చెప్పి రాయిస్తున్న సాక్ష్యమిది.

బండ్ల పొగలోని విషాన్ని విరిచే పొడితో మా కోడలికి ప్రపంచమంతా పేరొచ్చింది. ఉత్ప్రేరకమంటారట. ఆ ఘనత తనదేనని, పొడిని కావాలనే తెల్లవార్లూ కొలిమిలో ఉంచి పక్కనే కాపలా కూర్చున్నానని నా కొడుకు మీకు చెప్పాడు.

ఆ సాయంత్రం నేను స్నానాలగదిలో జారిపడ్డాను. ఇద్దరికీ ఫోన్ చేశాను. కోడలు కొలిమి ఆర్పడం కూడా మరిచి పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, ఎక్కడ తగిలింది?" అని ఏడ్చింది.

"ముందు లేపు, తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని" అన్నాను.

కాసేపట్లో దించాల్సిన పొడి అలా తెల్లవార్లూ కాలింది. మర్నాడు అందరూ పారేయమన్నా వినకుండా దాన్ని పరీక్షకు పెట్టిందీ కోడలే.

మరి కొడుకు ఫోన్లో ఏమన్నాడు? "అమ్మా, రైల్లో ఉన్నాను, రేపటిదాకా రాలేను" అన్నాడు.

పెన్ను ఆపకు, రాయి.

రైల్లో ఉన్నవాడు కొలిమికి కాపలా ఎలా కాశాడు? నాతోనో మీతోనో అబద్ధమాడాడు. అమ్మ పడిపోయిందంటే అబద్ధం చెప్పి తప్పించుకునే కొడుకు కాదు వాడు. కాబట్టి ఆడింది మీతోనే. పొడి కోడలిది.

నాకు చదువు రాదు. అందుకే ఇదంతా ఎదురింటి దర్జీ చేత చదివించుకుని విన్నాను. ఒక్క మాట కూడా పొల్లుపోలేదు.

ఇది నా వేలిముద్ర.

సాక్షులు: ఎదురింటి దర్జీ, పక్కింటి నర్సు.

రాసినవాడు: నా కొడుకు.