మట్టిబుర్ర తాత

"వడ్డీ అంటే ఏంటమ్మా?"

గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్న ముసలాయన అడిగాడు.

గది గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది పెయింటరే.

అది చిన్నపిల్లల బడి. శనివారం సాయంత్రాలు మాత్రం అక్కడ పెద్దవాళ్లకు పాఠం. డబ్బు ఎలా దాచాలి, దాని గురించి ఇంట్లో గొడవ పడకుండా ఎలా మాట్లాడుకోవాలి అని. ఫీజు లేదు. ఒకటే షరతు, ఇంటిల్లిపాదీ కలిసి రావాలి.

పెయింటరు, ఇస్త్రీ కొట్లో పనిచేసే అతని భార్య, వాళ్ల కూతురు ఒకే బెంచీలో ఇరుక్కుని కూర్చునేవారు.

"ఈ వయసులో నాకు ఒకటో తరగతి" అని పెయింటరు సణిగేవాడు. అతను వచ్చిందే భార్య పోరు పడలేక. వచ్చే వారం నుంచి రానని అప్పటికే చెప్పేశాడు.

టీచరు నవ్వలేదు. వడ్డీ అంటే ఏమిటో మొదటి నుంచీ చెప్పింది. నవ్వినవాళ్లంతా చెవులు రిక్కించి విన్నారు. తండ్రి కూడా మెడ సాచి వినడం కూతురు ఓరకంట చూసింది.

ఇంట్లో భోజనాల దగ్గర పెయింటరు తువ్వాలు తలకు చుట్టుకుని, నడుం వంచి, గొంతు వణికించాడు.

"వడ్డీ అంటే ఏంటమ్మా?"

కూతురికి పొలమారింది. భార్య గరిటె ఎత్తి టీచరమ్మ అయిపోయింది.

"అప్పు తెచ్చుకుని మనం నిద్రపోతాం తాతా. వడ్డీ నిద్రపోదు."

"అచ్చం మా ఆవిడలాగే అన్నమాట."

డబ్బు మాటెత్తాక ఆ ఇంట్లో గిన్నెలు ఎగరకపోవడం అదే మొదలు.

మరుసటి శనివారం పెయింటరే అందరికంటే ముందు తయారయ్యాడు.

"పదండి పదండి. ఆ మట్టిబుర్ర తాత ఇవాళ ఏం అడుగుతాడో."

ఆ పేరు ఆయనకు అతుక్కుపోయింది. తాత ఏ వారమూ నిరాశపరచలేదు.

"చదవకుండా సంతకం పెడితే ఏమవుతుందమ్మా?"

"జీతం ఎంతో పెళ్లానికి చెబితే మగాడు లోకువైపోడూ?"

మగవాళ్లు పగలబడి నవ్వారు. ఆడవాళ్లు నవ్వకుండా మొగుళ్ల వంక చూశారు.

ఒకసారి పెయింటరు ఉండబట్టలేక మొహం మీదే అడిగేశాడు. "ఏం తాతా, ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదా?"

"ఏం చెయ్యను నాయనా. మట్టిబుర్ర" అన్నాడు ఆయన. పెయింటరు నాలుక్కరుచుకున్నాడు.

ఇంకో శనివారం తాత అడిగాడు. "వాయిదాల మీద ఒక వస్తువు కొని, మధ్యలో కట్టలేకపోతే? కట్టింది తిరిగిస్తారా అమ్మా?"

"కాగితంలో ఏం రాసుందో చూడాలి. చాలాచోట్ల వస్తువూ పోతుంది, కట్టిందీ పోతుంది."

ఆ రోజు పెయింటరు నవ్వలేదు.

ఇంటికొచ్చాక తువ్వాలైతే చుట్టుకున్నాడు గాని, గొంతు వణికించాల్సిన పని లేకపోయింది. దానంతటదే వణికింది.

"టీచరమ్మా, ఒకవేళ మా ఆవిడకు చెప్పకుండా రంగులు చల్లే మెషీన్ ఒకటి వాయిదాల మీద బేరమాడి వచ్చాననుకో. సంతకం రేపు. ఇంట్లో దాచిందంతా ముందు కట్టాలి. ఏం చెయ్యమంటావు?"

గరిటె గాల్లోనే ఆగింది. కూతురు తన కంచం దగ్గరికి లాక్కుంది. ఇక గిన్నెలు లేస్తాయనుకుంది.

"వానల్లో పని ఉండదు కదా తాతా" అంది భార్య, టీచరు గొంతుతోనే. "అప్పుడు వాయిదా ఎక్కణ్నుంచి తెస్తావు?"

పెయింటరు తువ్వాలు విప్పేశాడు.

"తెలీదే" అన్నాడు సొంత గొంతుతో.

మర్నాడు ఆ సంతకం పడలేదు. అవసరమైనప్పుడు మెషీన్ అద్దెకు తెచ్చుకుందామని ముగ్గురూ కూర్చుని అనుకున్నారు. ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకోవడం ఎంత బాగుంటుందో కూతురికి ఆ రోజే తెలిసింది.

కొన్నాళ్లకు తాత రావడం మానేశాడు.

ఎక్కడికైనా వెళ్లి ఉంటాడులే అనుకున్నారు. ఆయన ఇల్లెక్కడో ఎవరూ అడిగి తెలుసుకోలేదు. ప్రశ్నలు లేక ఒక శనివారం పాఠం చప్పగా సాగింది. చివరికి పెయింటరే మెల్లగా చెయ్యెత్తాడు.

"టీచరమ్మా, నాకొకటి అర్థం కాలేదండీ."

ఎవరూ నవ్వలేదు.

ఏళ్లు గడిచాయి. టీచరుకు ఓపిక తగ్గింది. ఆ పాఠం చెప్పే పని పెయింటరు కూతురికి అప్పగించింది. మొదటి రోజు ఇద్దరూ కలిసి బెంచీలు సర్దుతున్నారు.

"మా ఇంట్లో తాత వేషం ఇంకా నడుస్తూనే ఉంది టీచర్" అని నవ్వింది కూతురు. "ఆయన అడగబట్టి మాకు నాలుగు ముక్కలు వచ్చాయి. పాపం, ఆయనకే ఒక్కటీ ఎక్కలేదు."

టీచరు బెంచీ వదిలి నిలబడింది.

"గుమ్మం దగ్గర కూర్చుంటే అందరి మొహాలూ కనిపిస్తాయి. ఎవరి గొంతులో ఏ ప్రశ్న అడ్డం పడిందో చూసి, అది తను అడిగేవారు. మంచాన పడ్డాక కూడా శనివారం నేను వెళ్లగానే ఒకటే మాట, ఇవాళ ఎవరైనా చెయ్యెత్తారా అని. మీ నాన్న ఎత్తాడని చెబితే ఎంత సంబరపడ్డారో."

కూతురు గుమ్మం పక్కనున్న స్టూలు వంక చూసింది.

"బ్యాంకుల్లో కొత్తగా చేరినవాళ్లకు వడ్డీ లెక్కలు నేర్పి నేర్పి రిటైరయ్యారు, మా నాన్న."