కింది పెదవి

కంప్యూటర్ తెర నిండా అతని కింది పెదవి.

దాన్ని అంత పెద్దది చేసుకుని మురిపెంగా చూస్తోంది ఆమె. పెళ్లయి నెల తిరగలేదు. ఒకే గ్లాసులో రెండు బ్రష్‌లు కనబడినా నవ్వొచ్చే రోజులు. పెళ్లి ఆల్బమ్ ఇంకెవరి చేతికీ ఇవ్వనని పట్టుబట్టి, తను పనిచేసే స్టూడియోలో తనే దిద్దుకుంటోంది.

"అలా చూస్తే అల్లుడి మొహం అరిగిపోతుందే తల్లీ," అన్నాడు స్టూడియో ఓనరు.

"అరిగితే నేనే పూడుస్తాలే బాబాయ్. ఆ పనికేగా జీతమిస్తున్నావు."

మొటిమలు తుడవడం, కళ్ల కింద నలుపు తీయడం ఆమె పని. పొద్దుట్నుంచీ ఎన్నో ఫోటోల్లో అతని పెదవి కింద, కుడివైపు, చిన్న ఉబ్బు తుడిచేసింది. దోమ కుట్టిందనుకుంది. మొగుడి మొహం మీద వాలిన ఆ దోమని ముద్దుగా తిట్టుకుంటూ మరీ తుడిచింది.

తర్వాత, ఉంగరాలు మార్చుకున్న రోజు ఫోటో తెరిచింది. పెళ్లికి చాలా ముందుది.

ఉబ్బు అందులోనూ ఉంది. అదే వైపు.

ఫోను తీసింది. ఇద్దరూ మొట్టమొదట కలిసి దిగిన ఫోటో వెతికి, వేళ్లతో పెద్దది చేసింది.

ఉంది.

ఏ దోమైనా అన్ని నెలలు ఒకే చోట కుడుతుందా?

తుడిచినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చింది.

"తలనొప్పిగా ఉంది బాబాయ్, వెళ్తున్నా."

ఆమె భర్త గ్యాస్ సిలిండర్ల గోడౌన్‌లో సూపర్‌వైజరు. పొద్దుటి డ్యూటీ ముగించుకుని ఇంట్లో ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు. ఆమె చున్నీ మడత చేతకాక ఉండలా చుట్టి పెట్టాడు. వేరే రోజైతే ఆ ఉండని కూడా ఫోటో తీసి దాచుకునేది.

"ఒకసారి కిటికీ దగ్గరకి రా."

"ఏంటి శ్రీమతిగారూ, మళ్లీ ఫోటోనా?"

ఆమె బొటనవేలితో అతని కింది పెదవిని కిందికి లాగింది.

చిగుళ్లకీ పెదవికీ మధ్య తడిసిన చిన్న పొట్లం. పొగాకు.

అతను దాన్ని చూయింగ్ గమ్ తీసినంత మామూలుగా తీసి కాగితంలో చుట్టాడు.

"సిగరెట్టు మానేశానని ఒట్టేశావు కదా."

"మానేశాను. ఎప్పుడైనా వాసన వచ్చిందా, చెప్పు."

"మరి ఇదేంటి?"

"ఇది గోడౌన్ అలవాటు. లైటర్లు, అగ్గిపెట్టెలు గేటు దగ్గరే లాగేసుకుంటారు. లోపల ఎవడైనా నిప్పు గీశాడంటే వీధంతా గాల్లోకి లేస్తుంది. అందుకే సిగరెట్టు తాగేవాళ్లందరం డ్యూటీలో ఇది పెట్టుకుంటాం. లోపలుంటే ఇది, బయటికొస్తే అది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు బయట కూడా ఇదే. పొగ లేదుగా," అన్నాడు.

ఆమె చెవికి ఆ మాట ఎక్కలేదు. మళ్లీ పెదవి లాగి చూస్తోంది. పొట్లం ఉన్నచోట చర్మం తెల్లబడి, ముడతలు పడి, నీళ్లలో ఎక్కువసేపు నానిన వేలిలా ఉంది. అంచున ఎర్రటి చుక్క.

రోజంతా చర్మం రంగులు సరిచేసే మనిషి. అలాంటి తెలుపు ఎక్కడా చూడలేదు.

"నొప్పిగా ఉందా?"

"అస్సలు లేదు."

ఉందంటే బాగుండేదనిపించింది ఆమెకి.

మర్నాడు పళ్ల డాక్టరమ్మ దీపం దగ్గరకి లాగి చాలాసేపు చూసింది.

"సిగరెట్టు మానేశాక ఇది ఎక్కువ చేశారా?"

అతను తలూపాడు.

"దాని కోటా కూడా దీనికే?"

మళ్లీ ఊపాడు.

మత్తు సూది వేసి, ఆ తెల్లటి చోట చిన్న ముక్క కోసి, సీసాలో వేసింది. సీసా మీద అతని పేరు రాసింది.

"క్యాన్సరా కాదా అన్నది రిపోర్టు వస్తేగానీ చెప్పలేను. పొగాకు ఇక ఏ రూపంలోనూ వద్దు. భయపడకండి."

ఆ చివరి మాట అనేటప్పుడు చేతి తొడుగులు విప్పుకుంటోంది. వాళ్లవైపు చూడలేదు.

దారిలో అతను జోకులు వేశాడు. మొద్దుబారిన మూతిలోంచి మాట సగమే బయటికొస్తోంది.

"ఇవాళ ముద్దు పెట్టినా నాకు తెలీదు. దండగ."

ఆమె నవ్వింది. నవ్వుతూనే అతని చొక్కా అంచు పట్టుకుని నడిచింది, జనంలో తప్పిపోతాడేమోనన్నట్టు.

సాయంత్రం అతని కోసం జావ కాస్తుండగా, పాలు తెస్తానని వెళ్లినవాడి చెప్పుల చప్పుడు వినబడింది. మనిషి లోపలికి రాలేదు.

వాసన వచ్చింది.

పొయ్యి ఆపి వెళ్లి తలుపు తీసింది.

మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పాల ప్యాకెట్టు. కుడివైపు పెదవి కింద దూది. నోటికి ఎడమ చివర సిగరెట్టు.

తిట్టాల్సినవన్నీ ఆమె నోటిదాకా వచ్చి ఉన్నాయి.

అతను తలెత్తలేదు.

"ఇది అక్కడ తగలదు," అన్నాడు మెల్లిగా. "ఈ పక్కనే పెట్టుకున్నా."

ఆమె తలుపు దగ్గరగా వేసింది, పొగ లోపలికి పోకుండా.

తను బయటే ఉండిపోయింది.